ఆకులున్న స్తంభం

మణుగూరు బండి సికింద్రాబాదులో ఆగేసరికి నా చీర కొంగు దుర్గ మొలతాడుకు కట్టి ఉంది. దుర్గ నా కూతురు. ఐదేళ్లది. కాజీపేట దాటాక, అది నిద్రలో ఉండగా ముడి నేనే వేశాను. పట్నం గురించి నేను విన్నవన్నీ పిల్లలు తప్పిపోయిన కథలే.

ప్లాట్‌ఫారం మీద హైమమ్మ ఆ ముడి చూసింది.

"ఏంటే ఇది జంపక్కా, మేకపిల్లను సంతకు తోలుకొచ్చినట్టు?"

"జనం ఉన్నరు గదమ్మా."

"ఇప్పుడేం జనం? ఇంకా ఆరు కాలేదు. ఆషాఢం సేలు మొదలయ్యాక చూద్దువుగాని జనమంటే ఏంటో."

హైమమ్మకు మణుగూరు బజారులో చీరల దుకాణం ఉంది. వాళ్ల మామగారు కోస్తా నుంచి వచ్చి వేంసూరు దగ్గర భూములు కొన్నారట. తర్వాత ఆమె భర్త వెంకటరామారావు గారు గనుల్లో కాంట్రాక్టులు పట్టి మణుగూరు చేరారు. ఆ దుకాణం వెనక గదిలో నేను మిషను కుడతాను. మాది ములకలపల్లి అవతల, అడవి అంచు ఊరు. ఏడో తరగతిలోనే ఆశ్రమ పాఠశాల మానేశాను. కొలతలు రాసుకోవడానికి, బిల్లు చదవడానికి ఆ చదువు సరిపోతోంది. నా భర్త రవీందర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీ. ఆ వారం అతనికి రెండో షిఫ్టు. మా అమ్మ నాట్లకు వెళ్లింది. పిల్లను చూసుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి వెంట తెచ్చుకున్నాను.

హైమమ్మ నన్ను తీసుకురావడానికి ఒక కారణం ఉంది. రంగు దిగే గుడ్డ ఏదో, ఉతికితే ముడుచుకుపోయేది ఏదో నాకు చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. కిందటి దసరాకు ఆమె ఒక్కతే వచ్చి కొన్న నీలం బ్లౌజు పీసులు మణుగూరు కాలనీలో సగంమంది తెల్ల చీరల్ని పాడుచేశాయి. తిట్లన్నీ నేను కూడా విన్నాను.

స్టేషనులో మొహాలు కడుక్కుని బల్ల మీద కూర్చున్నాం. దుర్గకు ఇడ్లీ తినిపిస్తూ, బండిలో నాలుగుసార్లు అడిగిన మాటే మళ్లీ అడిగాను.

"తప్పిపోతే ఏం జెయ్యాలె?"

"ఊకె నడవొద్దు. లావు మాను జూసి, దానికి ఈపు ఆనిచ్చి కూసోవాలె."

"ఎవరన్న పేరు బెట్టి పిలిస్తే?"

"పలకొద్దు."

"మరి దేనికి పలుకుతవ్?"

"కూతకు."

ఇది మా అమ్మ ముత్తక్క నాకు నేర్పింది. తునికాకు కోతకు పోయినప్పుడు ఆడవాళ్లందరం తలో దిక్కుకు వెళతాం. అడవిలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. అక్కడ మనుషులు కానివి కూడా వింటుంటాయి. పేరు వినబడితే ఆ పేరు పట్టుకుని అవే మళ్లీ పిలుస్తాయి, పలికిన పిల్ల వాటి వెంట పోతుంది, అంటారు పెద్దవాళ్లు. అందుకని ఇంటికో కూత. మా ఇంటిది రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. పొడుగుది చివరలో పైకి లేస్తుంది. అది వింటే అర కోసు దూరంలో ఉన్నా మా వాళ్లేనని తెలుస్తుంది.

హైమమ్మ టీ తాగుతూ వింటోంది. "ఇక్కడ మాను ఎక్కడుందే పిచ్చిదానా? ఇది సికింద్రాబాదు."

"ఒక్క చెట్టన్న ఉండదా అమ్మా?"

"ఉంటే నాకూ చూపించు." ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "ఇంకో మాట. షాపుల్లో మీ భాష మాట్లాడకండి, తల్లీ కూతురూ. ఎక్కడి నుంచంటే మణుగూరు కాలనీ అని చెప్పు. అడవి నుంచి వచ్చామని తెలిస్తే రేటు పెంచుతారు."

సరేనన్నాను. ఆమె చెడ్డగా చెప్పలేదు. మణుగూరులో కూడా అలా పెంచేవాళ్లున్నారు, నాకు తెలుసు.

షాపులు తెరవడానికి ఇంకా టైముంది. ఆటోలో జేమ్స్ స్ట్రీట్ దాకా వచ్చి దిగాం. బోర్డుల మీద ఎం.జి. రోడ్డు అని ఉంది, ఆటోవాడు మాత్రం జేమ్స్ స్ట్రీటనే అన్నాడు. షట్టర్లు దించి ఉన్నాయి. రోడ్డు ఊడుస్తున్నారు. వాన పడి వెలిసినట్టుంది, గోడలు తడిగా ఉన్నాయి.

"ఇదంతా తెల్లదొరల కాలంలో కట్టింది" అంది హైమమ్మ. "వాళ్ల సిపాయిలు, దొరసానులు ఇక్కడే కొనుక్కునేవాళ్లట. పన్నెండేళ్ల నుంచి వస్తున్నా, రోడ్డు ఇలాగే ఉంది. కింద షాపులే మారతాయి."

ఆ మాట నిజమే. ఒక్కో మేడ కింది భాగమంతా అద్దం, గ్రానైటు, సెల్‌ఫోన్ల బోర్డులు. పైన మాత్రం చెక్క రెక్కల కిటికీలు, నల్లబడిన సున్నం గోడ, ఒక చోట పద్దెనిమిది వందల తొంభై ఎంతో సంవత్సరం అంకెలు. ఒక కిటికీ పక్క పగులులో రావి మొలక ఉంది. కాస్త దూరంలో పాత పోలీసు ఠాణా, దాని నెత్తిన గడియారం. నేను అవన్నీ సరిగ్గా చూడలేదు. నా చూపంతా కొంగు ముడి మీదే ఉంది. హైమమ్మ వేలు చూపించినప్పుడు ఓసారి తలెత్తి మళ్లీ దించాను.

ఒక పాత మేడ ముందు వసారాలాంటిది ఉంది, పొడుగ్గా, ఎత్తుగా. రోడ్డు వైపు వరసగా లావు స్తంభాలు, వాటి మధ్య కమానులు. ఆ నీడలోకి వెళ్లగానే దుర్గ మాటకు మాట తిరిగొచ్చింది. అది రెండుసార్లు "హో" అని చూసుకుంది. తర్వాత గొంతు ఎత్తి మా కూత వేసింది. రెండు పొట్టి, ఒక పొడుగు. కమాను కింద అది ఎంత పెద్దగా మోగిందంటే ఊడ్చేవాళ్లు చీపుర్లు ఆపారు. పాల ప్యాకెట్లు దించుతున్న ఇద్దరు కుర్రాళ్లు అదే కూత వంకరగా తిరిగి కూసి నవ్వారు. ఒకడు "అరె, జంగిల్ నుంచి వచ్చిన్రు రా" అన్నాడు.

నేను దుర్గ తొడ మీద గిచ్చాను. గట్టిగానే.

"గిక్కడ గట్ల కూతలు బెట్టొద్దు. మల్ల బెడితే సంపుత."

పిల్ల ఏడవలేదు. తొడ రుద్దుకుంటూ ఒక స్తంభానికి ఆనుకుని పైకి చూస్తూ నిలబడింది. నేను నాలుగడుగులు వేస్తే కొంగు లాగింది కాబట్టి వచ్చింది.

పదకొండు గంటలకు రోడ్డు రోడ్డంతా వేరే అయిపోయింది. హైమమ్మ చెప్పిన జనం అప్పుడు కనిపించారు. మేం వెళ్లాల్సిన బట్టల షోరూము ముందు ఎర్ర గుడ్డలు కట్టి, బల్ల మీద ఒకతను నిలబడి మైకులో అరుస్తున్నాడు. అతని పేరు జైరాం అని లోపలివాళ్లు పిలుస్తుంటే తెలిసింది. "రండమ్మా రండి, ఆషాఢం ధమాకా, ఒకటి కొంటే ఒకటి ఉచితం, అక్కా వదినా చెల్లీ, జల్దీ రండి." తలుపు తీయగానే లోపల చల్లగా ఉంది. హోల్‌సేలు పై అంతస్తులో. పైకి వెళ్లడానికి కదిలే మెట్లు.

హైమమ్మ వెనక్కి తిరిగింది. "జంపక్కా, ముడి విప్పు. కొంగు ఆ పళ్లలో ఇరుక్కుంటే నువ్వూ పిల్లా ఇద్దరూ పోతారు. నవ్వులాట కాదు."

చూశాను. మెట్టు మెట్టూ కలిసే చోట నిజంగానే పళ్లున్నాయి. ముడి విప్పాను. దుర్గ చెయ్యి పట్టుకున్నాను. పైకి వెళ్లేదాకా వదల్లేదు.

పైన బల్ల మీద సేల్స్‌మన్ తానుల మీద తానులు విప్పి పడేస్తున్నాడు. "చూడవే, ఈ నీలం చూడు" అంది హైమమ్మ. గుడ్డను ఒంటి చేత్తో చూడలేం. ఒక అంచు ఎడమ చేత్తో బిగించి పట్టి, కుడి చేతి బొటనవేలు తడి చేసి రుద్దాలి. నేను దుర్గ చెయ్యి వదిలి, "నా కుచ్చిళ్లు పట్టుకో" అన్నాను. అది పట్టుకుంది. నీలం చూశాను, మెంతిరంగు చూశాను, ముదురాకుపచ్చ చూశాను. కుచ్చిళ్లు కాస్త లాగినట్టు తెలుస్తూనే ఉంది. తర్వాత చూస్తే అది లాగుడు కాదు, కిందికి జారిన తాను నా కాళ్ల మీద పడి ఉంది. పిల్ల లేదు.

బల్లల కింద చూశాను. వేలాడదీసిన చీరల వెనక చూశాను. అద్దాల గదుల తలుపులు కొట్టాను. పేరు పెట్టి అరిచాను, "దుర్గా, దుర్గా" అని. హైమమ్మ ఒక వైపు, నేనొక వైపు. కింది అంతస్తులో తలుపు దగ్గర నిలబడే మనిషి, "ఒక పాప ఎవరో ఫ్యామిలీ వెనకాల పోయింది, వాళ్ల పాపే అనుకున్న" అన్నాడు. ఎటు పోయింది అంటే చెయ్యి గాల్లో ఊపాడు.

హైమమ్మ తిన్నగా జైరాం దగ్గరికి వెళ్లింది. అతను మంచివాడు. వెంటనే సేలు కేకలు ఆపేశాడు.

"మణుగూరు నుంచి వచ్చిన దుర్గ అనే పాప, వయసు ఐదేళ్లు, గులాబి గౌను, ఎక్కడున్నా వెంటనే షోరూము ముందుకు రావాలె. దుర్గా, బేటా దుర్గా, మీ అమ్మ గిక్కడున్నది. ఒకటి కొంటే ఒకటి..." అలవాటు మీద అంతదాకా వచ్చి నాలుక కరుచుకున్నాడు. "మాఫ్ చెయ్యి అక్కా" అన్నాడు నాతో.

నాకు చెట్లు గుర్తొచ్చాయి. లావు మాను కింద కూర్చుంటుంది కదా. రోడ్డు మధ్యలో ఒక వేపచెట్టు కనిపించింది, కరెంటు తీగలు చుట్టి. ఆటోల మధ్య నుంచి దాటి అక్కడికి పరిగెత్తాను. దాని కింద చెప్పులు కుట్టే ముసలాయన ఒక్కడే ఉన్నాడు. పాపను చూశావా అంటే లేదన్నాడు. సందు మొగలో ఇంకో చెట్టుందన్నాడు. అక్కడికీ పోయాను. అది మొండెం. ఎప్పుడో కొట్టేశారు, దాని మీద కొబ్బరి బోండాలు పెట్టి అమ్ముతున్నారు. మూడో చెట్టు గోడ మీది రావి మొలకే. అది చెయ్యంత కూడా లేదు.

మళ్లీ షోరూము ముందుకు వచ్చేసరికి ఠాణా గడియారంలో పన్నెండు దాటింది. జైరాం ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. "దుర్గా, బేటా దుర్గా." వీధి మొత్తం వినబడుతోంది. ఎన్నోసారి పిలిచాడో తెలియదు. అప్పుడు నాకు తెలిసింది. అది పలకదు. పేరు పెట్టి ఎంతసేపు పిలిచినా పలకదు. పలకొద్దని పొద్దున ఇడ్లీ పెడుతూ చెప్పించుకున్నది నేనే. తనంతట తాను కూత కూడా పెట్టదు. పెడితే చంపుతానన్నదీ నేనే.

ఇక్కడ నేను ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. అది తెలిశాక కూడా నేను వెంటనే కూత పెట్టలేదు. నోటి దాకా వచ్చింది. చుట్టూ చూశాను. అద్దాల ముందు జీన్సు ప్యాంట్ల ఆడపిల్లలు, నల్లద్దాలు పెట్టుకున్న మగవాళ్లు, నా వైపు జాలిగా చూస్తున్న హైమమ్మ వయసు ఆవిడలు. పొద్దున కుర్రాళ్లు అన్న మాట చెవిలో ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను. రెండు నిమిషాలు కావచ్చు, ఐదు కావచ్చు. నా పిల్ల ఎక్కడో ఎదురుచూస్తుంటే నేను సిగ్గుపడుతూ నిలబడ్డాను.

హైమమ్మ ఏడుస్తోంది. "రవీందర్‌కు ఏం మొహం చూపించనే" అంటోంది. ఆమె ఏడుపు నేనెప్పుడూ చూడలేదు.

"అన్నా, జెర మైకు ఆపు" అన్నాను జైరాంతో.

"ఆపితే ఎట్లా అక్కా? పాపకు ఇనపడద్దా?"

"ఇనపడాల్నంటే ఆపాలె."

అతను ఆపాడు. నేను రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కూత వేశాను. మొదటిది గొంతులోనే చీలిపోయింది. ఎవరో నవ్వారు. రెండోసారి వేశాను. అది బాగా వచ్చింది. ఆటోవాళ్లు తిరిగి చూశారు. ఒక చంటిపిల్ల భయపడి ఏడుపు అందుకుంది. "ఈమెకేమైంది?" అని ఎవరో అడిగితే, "పాప తప్పిపోయింది, నోరు ముయ్" అని జైరాం కసిరాడు. నేను పేవ్‌మెంటు మీద నడుస్తూ నాలుగు కొట్ల దూరానికొకసారి ఆగి కూత వేశాను. చెవి పెట్టి విన్నాను. హారన్లు. మళ్లీ నడిచాను.

నాలుగోసారో ఐదోసారో, సన్నగా వచ్చింది. రెండు పొట్టి, ఒక పొడుగు. పొడుగుది చివర పైకి లేచింది.

పొద్దుటి వసారా నుంచే. కమానుల కింద ఇప్పుడు గొడుగులవాళ్లు, బెల్టులవాళ్లు పరుచుకుని కూర్చున్నారు. వరసలో నాలుగో స్తంభానికి సెల్‌ఫోను కంపెనీ గుడ్డ బ్యానరు చుట్టి ఉంది. ఆ గుడ్డకూ రాయికీ మధ్య సందులో, స్తంభానికి వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుని ఉంది నా కూతురు. ఎదురుగా గొడుగులమ్మే ఆవిడ కూడా చూడలేదట.

నేను పక్కన కూలబడ్డాను. దాన్ని ఒళ్లోకి లాక్కుని తల, చేతులు, కాళ్లు అన్నీ తడిమాను. తొడ మీద నేను గిచ్చిన చోట ఎర్రగా ఉంది.

"నడవొద్దన్న గదనే. గింత దూరం ఎందుకొచ్చినవ్?"

"లోపల మాను లేదు గద."

"మైకుల నీ పేరు పిలిచిండ్రు. ఇనలేదా?"

"ఇన్న. శానసార్లు పిలిచిండు. పలకలే." కాస్త గర్వంగానే చెప్పింది.

"మరి నువ్వన్న కూత ఎందుకు బెట్టలే?"

అది తొడ చూపించింది. "బెట్టొద్దన్నవ్ గద. నువ్వు బెట్టినంక బెట్టిన."

కొంగుతో దాని మొహం తుడిచాను. తర్వాత అన్నాను, "గిది మాను గాదు బిడ్డా. రాయి."

"మానే" అంది దుర్గ. "పైన జూడు. ఆకులున్నయ్."

తలెత్తి చూశాను. పొద్దుట్నుంచి ఆ వీధిలో నేను తిన్నగా పైకి చూడటం అదే మొదలు. స్తంభం లావుగా, నిలువు గీతలతో, బెరడులాగే పైకి పోయింది. తల దగ్గర చుట్టూ ఆకులు చెక్కి ఉన్నాయి, రెండు వరసలు, అంచులు బయటికి వంగి. సున్నం కింద ఈనెలు కూడా కనబడుతున్నాయి. ఏ చెట్టు ఆకులో నాకు తెలియలేదు. మా వైపు చెట్టు కాదు. పక్క స్తంభాలు చూశాను. వాటి తలలు ఎప్పుడో రాలిపోతే సిమెంటుతో గుండ్రంగా పూసేశారు. వరసలో ఆకులు మిగిలింది దీనికొక్కదానికే.

హైమమ్మ రొప్పుతూ వచ్చింది. వెనకాల జైరాం, అతని వెనక ఇద్దరు ముగ్గురు. పిల్లను చూసి ఆమె స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి, "అంత గొంతు ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ? దుకాణంలో నిన్ను పిలిస్తే వినబడీ వినబడకుండా పలుకుతావు" అంది.

"పాప ఏడ కూసున్నదో ఏమో, మైకుకు కూడా పలకలే" అన్నాడు జైరాం. "నేను ఇరవైసార్లు పిలిచిన."

"పేరు బెట్టి పిలిచినవ్ గదన్నా" అన్నాను. అతనికి అర్థం కాలేదు. వివరించడానికి నాకు ఓపిక లేదు. గొడుగులావిడ దుర్గకు మంచినీళ్ల సీసా ఇచ్చింది.

హైమమ్మ తలెత్తి ఆకుల్ని చూసింది. "పన్నెండేళ్లుగా ఈ కమాను కిందే నడుస్తున్నా" అంది. తర్వాత చీర సర్దుకుని, "పదండి. తానులు బల్ల మీదే వదిలేసొచ్చాం" అంది.

ఈసారి షోరూములో కదిలే మెట్లు ఎక్కలేదు. పక్కన పాత రాతి మెట్లున్నాయి, ఎవరూ వాడక దుమ్ము పట్టి. వాటి మీదుగా పైకి పోయాం, నా కొంగు మళ్లీ దుర్గ మొలతాడుకు కట్టుకుని. సేల్స్‌మన్ నీలం తాను ముందుకు తోశాడు.

"అది వద్దమ్మా" అన్నాను. "రంగు దిగుతది. ఇందాకే చూసిన. మెంతిరంగుది తీసుకోండి."

సాయంత్రం బండిలో కిటికీ పక్కన మూటల మీద కూర్చున్నాం. ఘట్‌కేసర్ దాటాక హైమమ్మ నా వైపు వంగింది.

"జంపక్కా, శ్రావణంలో మళ్లీ రావాలి. ఆ కూతేదో నాకూ నేర్పు. నేనే తప్పిపోతే?"

"మా ఇంటి కూత మీకియ్యరాదమ్మా. ఇంటికొకటి ఉంటది."

"అయితే మా ఇంటికేది?"

నేను ఆలోచించాను. దుర్గ ఆలోచించలేదు. "ఒకటి పొడుగు, ఒకటి పొట్టి" అని ఇచ్చేసింది. హైమమ్మ చుట్టూ చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా కూసింది. ఎదుటి సీటు ముసలాయన పేపరు దించాడు.

"గట్ల గాదు" అంది దుర్గ. "కొంగు తియ్యి. కొంగు అడ్డముంటే మాకు ఇనపడదు."